పన్నెండు చీరల పేరంటం

నారాయణపేట,
6 జులై 1963.

చెల్లె అరుణకు,

అక్క గోవిందమ్మ దీవెనలు. ముందు నాలుగు వరుసలు క్షేమసమాచారాలు రాయాలని నాయిన నేర్పించాడు గానీ, నాకు పని తొందర ఉంది. అందరం బతికే ఉన్నాం, అది చాలు.

మన ఊరి గుర్వయ్య మళ్ళీ నందికొండ ఆనకట్ట పనికి వస్తున్నాడు. అతని చేతికి ఒక మూట ఇచ్చాను. అందులో పన్నెండు చీరలున్నాయి. అన్నీ నేను నేసినవే. మీ బావ పోయిన ఈ రెండేళ్ళలో ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, చీరల వ్యాపారం చేసే సేటుకు వేయగా మిగుల్చుకున్నవి. సేటు నా చీర చేతికి తీసుకోగానే "ఆడమనిషి నేత, అంచు వదులుంటది" అని మొదలుపెడతాడు. ఆ అంచు మీద వేలు పెట్టి చూడు, వదులు ఎక్కడుందో నువ్వే చెప్పు.

ఇప్పుడు అసలు సంగతి. మీ బావ తమ్ముడు లింగయ్య షోలాపూరుకు సంసారం మారుస్తున్నాడు. అక్కడ మిల్లులో పని దొరికిందట. ఇక్కడి మగ్గం అమ్మేసి నన్ను కూడా తీసుకుపోతానంటాడు. వాళ్ళకు వండి పెడుతూ పిల్లలను చూసుకోవాలట. "వదినె, ఒక్కదానివి మగ్గం మీద కూసుంటే నూలు ఎవరు తెస్తరు, చీర ఎవరు అమ్ముతరు?" అన్నాడు. అమ్మి చూపిస్తే ఏం చేస్తావన్నాను. "చవితి దాకా చూస్త. గీ పన్నెండు నీ అంతట నువ్వే అమ్ముకుంటివా, మగ్గం నీదే, ఇల్లు నీదే. లేకుంటే మారు మాట్లాడకుంట నాతోని బండెక్కాలె" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. అన్నం పెట్టనని అనలేదు. నాకు కావలసింది అన్నం కాదు, అంతే.

పోయిన ఎండాకాలం నువ్వు వచ్చినప్పుడు, మా కాలనీ ఆడవాళ్ళను ఇంటికి పిలిచి చూపిస్తే గంటలో ఊడ్చుకుపోతారన్నావు. ఇప్పుడు నాకు ఆ మాటే దిక్కు. మీ ఆయన దశరథానికి నా దీవెనలు చెప్పు.

నీ అక్క,
గోవిందమ్మ

*

నందికొండ,
13 జులై 1963.

అక్కకు అరుణ దండాలు.

మూట చేరింది. గుర్వయ్య దాన్ని నెత్తి మీదనే పెట్టుకుని వచ్చాడు, లారీలో కింద పెడితే సున్నం అంటుతుందని. రాత్రంతా మేలుకున్నానన్నాడు, కానీ కళ్ళు చూస్తే బాగానే నిద్రపోయినట్టున్నాడు.

చీరలు విప్పి మంచం మీద పరిచాను. ఆయన ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పడం మరిచిపోయి నిలబడ్డారు. ఆ నెమలికంఠం రంగు మీద ఎర్రంచు చీర ఉంది చూడు, అది పరిస్తే మా క్వార్టరు గోడలకే కళ వచ్చింది. ఇక్కడ పొద్దున, మధ్యాహ్నం బండలు పేలుస్తారు. పేల్చినప్పుడల్లా పొయ్యి మీద గిన్నెలు కదులుతాయి. నిన్న పేలుడుకు ఉలిక్కిపడి ఆ చీరనే పట్టుకున్నాను, అదేదో నన్ను కాపాడుతుందన్నట్టు.

నేను రోజు కూడా నిర్ణయించేశాను. ఆగస్టు 9, శ్రావణ శుక్రవారం, మధ్యాహ్నం మూడింటికి. ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళను పిలుస్తున్నాను. ఓవర్సీర్ల భార్యలు, గుమాస్తాల భార్యలు, ఇద్దరు ఇంజినీర్ల ఇళ్ళవాళ్ళు. ఆయన స్టోర్సు గుమాస్తా కదా, అన్నిటికీ ఒక పద్ధతి ఉండాలంటారు. ఒక కాగితం మీద సంగతంతా రాసి, కింద ఇరవై ఆరు పేర్లు వరుసగా రాసి, ఆఫీసు చప్రాసి జానయ్యకు ఇచ్చి ఇల్లిల్లూ తిప్పమన్నారు. వచ్చేవాళ్ళు తమ పేరు పక్కన "వస్తాం" అని రాయాలి. ఎంత సుళువు చూడు. ఇరవై ఆరు మంది వస్తే పన్నెండు చీరలు ఏ మూలకు? ఇంకో పన్నెండు మొదలుపెట్టు.

నువ్వు కూడా రా అక్కా. నేసిన మనిషి పక్కన కూర్చుని చెబుతుంటే ఆ విలువే వేరు. నాకు నూలు సంగతులు ఏం తెలుసు, నాయిన నన్ను మగ్గం దగ్గరికి రానిస్తే కదా, దారాలు చిక్కు చేస్తానని తరిమేవాడు.

నీ చెల్లె,
అరుణ

*

నారాయణపేట,
20 జులై 1963.

అరుణకు,

నీ ఉత్తరం చదివి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఇంకో పన్నెండు మొదలుపెట్టమంటావు. ఉన్నవాటికి ముందు దారి చూడు.

ఆడవాళ్ళను కాగితం మీద పిలుస్తారా ఎక్కడైనా? చప్రాసి కాగితం తెచ్చి పొయ్యి దగ్గర నిలబడితే, ఆమె దాన్ని కొంగుతో పట్టుకుని "మా ఆయనకియ్యి" అంటుంది. ఆయన జేబులో పెట్టుకుని మరిచిపోతాడు. అది నీ ఆయన తప్పు కాదు, స్టోర్సులో సిమెంటు బస్తాలు కాగితం మీదే కదులుతాయి మరి. మనుషులు అట్లా కదలరు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కాళ్ళు అరిగినా సరే, నువ్వే ప్రతి గడపా తొక్కి నోటితో పిలువు. వాళ్ళు కాదనలేనట్టుగా పిలువు.

చీర చూపించేటప్పుడు మడత మొత్తం ఒక్కసారే విప్పకు. ముందు కొంగు, తరువాత అంచు, చివరికి ఒంటి మీది గళ్ళు. గళ్ళను వెలుతురుకు అడ్డంగా పట్టి చూపు. ధర అడిగితే తడుముకోకు. తడుముకుంటే ఎదుటివాళ్ళకు లోకువ.

నన్ను రమ్మన్నావు. ఉత్తరంలో ఆ ముక్క మూడుసార్లు చదివాను. మీ బావ పోయిన తరువాత నేను ఏ పెళ్ళికీ పోలేదు, ఏ నోముకూ పోలేదు. పిలిచినవాళ్ళకు ఇబ్బంది, నాకూ ఇబ్బంది. కానీ ఇది అమ్మకం కదా. సంతకు పోయినట్టే. సంతలో నన్ను పక్కకు జరగమనేవాళ్ళు ఎవరు? వస్తాను. ఏడో తారీఖు పొద్దున బండెక్కి పాలమూరులో మారి, దేవరకొండ మీదుగా వస్తాను. ఎనిమిది సాయంత్రం బస్సు దగ్గరికి దశరథాన్ని పంపు.

ఇన్నాళ్ళకు నా చీరను కట్టుకునే మనిషి ముఖం చూడబోతున్నాను. నాకది పండగే.

నీ అక్క,
గోవిందమ్మ

*

నందికొండ,
29 జులై 1963.

అక్కకు అరుణ దండాలు.

నువ్వన్నదే అయింది. జానయ్య కాగితం పది రోజులు తిప్పి తెచ్చాడు. ఒక్కరు "వస్తాం" అని రాయలేదు. పద్నాలుగు మంది సంతకం పెట్టి "చూశాను" అని రాశారు. సంతకాలు పెట్టినవాళ్ళు కూడా ఆడవాళ్ళు కారు, వాళ్ళ మగవాళ్ళు. ఒకాయన "సంబంధిత శాఖకు పంపవలెను" అని రాశాడు. ఎవరో వెనక వైపు రెండు సేర్ల కందిపప్పు, గోధుమపిండి అని పద్దు రాసుకున్నారు. ఆయన ఆ కాగితం చూసి, ఆఫీసులో అయితే ఇది మంచి స్పందన అన్నారు. ఆ రోజు నేను ఆయనకు చారు మాత్రమే పోశాను.

తరువాత నీ మాట పట్టుకున్నాను. ప్రతి గడపా తొక్కమన్నావు, కాదనలేనట్టు పిలవమన్నావు. కుంకుమ భరిణె తీసుకుని, పక్కింటి ఓవర్సీరు భార్య అండాలును తోడు తీసుకుని బయలుదేరాను. బొట్టు పెట్టి పిలిచాను అక్కా. ప్రతి ఇంట్లో, ప్రతి ముత్తయిదువకు. ఎవరు కాదంటారు చెప్పు. బొట్టు పెట్టించుకున్నాక రాకపోతే లక్ష్మిని కాదన్నట్టే కదా. ముందు కాగితం చూసి కూడా పలకనివాళ్ళు, "అయ్యో, తప్పకుంట వస్తం" అన్నారు. పెద్ద ఇంజినీరుగారి అత్త నర్సింగమ్మగారు కూడా వస్తానన్నారు. ఆమె భువనగిరి దిక్కు మనిషి, డెబ్బై ఏళ్ళుంటాయి, కాలనీలో ఆమె మాటే చెల్లుతుంది. ఆమె వస్తే అందరూ వచ్చినట్టే. ఎందుకు పిలుస్తున్నావని అడిగితే, శ్రావణ శుక్రవారం కదా, పసుపు కుంకుమలకు రండి, మా అక్క నేసిన చీరలు కూడా చూద్దురు గాని అన్నాను.

శనగలు నానబెట్టడానికి సరిపడా గిన్నె అండాలు ఇస్తానంది. నువ్వు త్వరగా వచ్చేయి. నీ చేత్తోనే చీరలు విప్పి చూపించాలి.

నీ చెల్లె,
అరుణ

*

నారాయణపేట,
3 ఆగస్టు 1963.

అరుణకు,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా కూర్చుని ఇది రాస్తున్నాను. ఎట్లాగైనా తొమ్మిదో తారీఖు లోపల నీకు చేరాలి.

బొట్టు పెట్టి పిలిచావా? పిచ్చిదానా, బొట్టు పెట్టి పిలిస్తే అది పేరంటం. పేరంటానికి వచ్చినవాళ్ళు తీసుకుని పోతారు గానీ ఇచ్చి పోరు. అందులోనూ శుక్రవారం పూట ఏ ఆడది పైసలు బయటికి తీస్తుంది? నోటితో పిలవమన్నాను గానీ భరిణెతో పిలవమన్నానా? కాదు, నీదేం తప్పు. కాదనలేనట్టు పిలవమన్నది నేను. రాకుండా ఉండలేనట్టు పిలిచావు, కొనలేనట్టు కూడా పిలిచావు.

ఇది అందగానే మళ్ళీ ఇల్లిల్లూ తిరుగు. శుక్రవారం ఒట్టి పసుపు కుంకుమలు, చీరల బేరం ఆదివారం అని చెప్పు. చీరల మూట శుక్రవారం నాడు పెట్టెలో నుంచి బయటికి తీయకు. అవి మంచం మీద కూడా కనపడొద్దు.

నేను రావడం లేదు. ముత్తయిదువలను బొట్టు పెట్టి పిలిచిన ఇంటికి నేను ఎట్లా వస్తాను? వస్తే ఎక్కడ కూర్చుంటాను, వంటింట్లో తలుపు వెనకనా? నువ్వు రమ్మన్నది ప్రేమతోనే. భరిణె పట్టుకున్నప్పుడు నేను గుర్తుకు రాలేదు, అంతే. కోపం లేదని రాయాలనుంది. కొంచెం ఉంది. పాలమూరు వరకు బస్సు టికెట్టు మాట్లాడుకున్నాను, ముతకదైనా ఉతికిన చీర ఒకటి పక్కన పెట్టుకున్నాను. అది ఇప్పుడు మళ్ళీ దండెం మీద వేశాను.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. ఉత్తరం ఆగకుండా చేరుతుందనే నమ్ముతున్నాను.

అక్క

*

నందికొండ,
10 ఆగస్టు 1963.

అక్కకు,

ఎనిమిదో తారీఖు సాయంత్రం ఆయన బస్సు దగ్గరికి వెళ్ళారు. నువ్వు దిగలేదు. డిండి వాగు పొంగి బస్సులు ఆగాయన్నారు. తొమ్మిదో తారీఖు పొద్దున నేనే వెళ్ళాను, తడుస్తూ. రాలేదు. ఉత్తరం కూడా లేదు. ఒక్క ముక్క రాసినా సరిపోయేది కదా. నిన్నంతా నా చెయ్యి విరిగినట్టే ఉంది.

ఇరవై ఆరు మందిని పిలిస్తే ముప్పై ఒక్క మంది వచ్చారు. అంతమందిని చూసి నాకు కళ్ళు తిరిగినంత సంతోషం. పసుపు రాశాను, బొట్టు పెట్టాను, శనగలు కొంగుల్లో పోశాను. పాటలు పాడారు. తరువాత నువ్వు చెప్పినట్టే ముందు కొంగు, తరువాత అంచు, చివరికి గళ్ళు చూపించాను. అందరూ చేతుల్లోకి తీసుకున్నారు. "ఎంత సన్నగున్నది గీ నూలు" అని బుగ్గకు ఆనించుకున్నారు. ఒకరి నుంచి ఒకరికి పన్నెండు చీరలూ తిరిగాయి, చక్కగా మడత పడి నా దగ్గరికే తిరిగి వచ్చాయి. ఒక్కరూ ధర అడగలేదు. నేనే చెబుదామని నోరు తెరిచాను. అండాలు నా చెయ్యి గిల్లి, "బొట్టు పెట్టి పిలిచి అమ్ముతవా? రేపు నీ ఇంటికి ఎవలన్న వస్తరా?" అని చెవిలో అంది. ధర మాట వదిలేసి ఇంకోసారి శనగలు పంచాను.

అంతటితో పోయినా బాగుండేది. నెమలికంఠం చీర అన్నిటికంటే మంచిదని, ఇత్తడి పళ్ళెంలో పసుపు, కుంకుమ, తమలపాకుల మధ్య పెట్టాను, కంటికి ఇంపుగా ఉంటుందని. దాన్ని ఇంకోసారి చూపించడానికి పళ్ళెం పట్టుకుని నర్సింగమ్మగారి ముందుకు వెళ్ళాను. ఆమె పెద్ద ముత్తయిదువ. లేచి నిలబడి, వాయనమనుకుని చీరను రెండు చేతులతో తీసుకుని కళ్ళకు అద్దుకుని, "సల్లగుండు బిడ్డా, నీ పుట్టినిల్లు సల్లగుండ" అని నా నెత్తి మీద అక్షింతలు వేశారు. ఆ చేతుల్లో నుంచి ఎట్లా లాక్కోను అక్కా? వంగి ఆమె కాళ్ళకు మొక్కాను. నువ్వైతే ఏం చేసేదానివి?

ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఒకటి పోయింది. నువ్వు వచ్చి పక్కన కూర్చుని ఉంటే నాలుగు మాటలు నువ్వు చెప్పేదానివి, ఇట్లా అయ్యేది కాదు. రానిదానివి రానని ఎందుకు చెప్పలేదు? లింగయ్య వద్దన్నాడా, లేక నా మీద నమ్మకం లేకపోయిందా?

అరుణ

*

నారాయణపేట,
16 ఆగస్టు 1963.

అరుణకు,

నీ ఉత్తరం నిన్న అందింది. దాన్ని బట్టి మూడో తారీఖున నేను రాసినది నీకు అందలేదని అర్థమైంది. అందులో అంతా రాశాను. మళ్ళీ రాసే ఓపిక లేదు. నేను రాకపోవడానికి లింగయ్య కారణం కాదు, నువ్వూ కాదు.

నర్సింగమ్మగారికి చీర ఇచ్చినందుకు బాధపడకు. నేను ఉన్నా ఇచ్చేదాన్నే. పుట్టినిల్లు చల్లగా ఉండాలన్నారట కదా. మన పుట్టినింట్లో మిగిలింది మనిద్దరమే.

రాత్రి అన్నం దగ్గర లింగయ్య అడిగాడు, "చెల్లె ఏం రాసింది వదినె?" అని. అబద్ధం చెప్పొచ్చు. ఇంకా వారం ఉంది, ఏదో ఒకటి చెప్పి గడపొచ్చు. చెప్పలేకపోయాను. ఒక్కటీ పోలేదన్నాను. "కోస్గి నుంచి ఒకాయన మగ్గం అడుగుతుండు. చవితి దాకా ఆగమంటే ఆగుత. మాట ఇచ్చిన గద" అన్నాడు. ముప్పై ఒక్క మంది చూసి మడత పెట్టిన తరువాత ఈ వారంలో ఎవరు కొంటారు? ఆగొద్దు, అతన్ని రానీ అన్నాను. నేనే అన్నాను.

ఆ పదకొండు చీరలు గుర్వయ్య వచ్చేటప్పుడు పంపించు. షోలాపూరులో కట్టుకోవడానికైనా ఉంటాయి.

అక్క

*

నందికొండ,
18 ఆగస్టు 1963.

అక్కకు అరుణ శతకోటి దండాలు.

నీ మూడో తారీఖు ఉత్తరం పన్నెండున వచ్చింది, వాన నీళ్ళకు అక్షరాలు సగం కరిగి. ముతక చీర మళ్ళీ దండెం మీద వేశానన్న చోట ఆగిపోయాను. భరిణె పట్టుకుని ఇరవై ఆరు గడపలు తిరిగాను, మా అక్క ఏ గడప దాటి లోపలికి రావాలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నన్ను నాలుగు తిట్లు తిట్టు, పడతాను.

కానీ ముందు ఇది విను. మొన్న శుక్రవారం నర్సింగమ్మగారు నెమలికంఠం చీర కట్టుకుని ఇంకో ఇంటి పేరంటానికి వెళ్ళారు. అక్కడ అందరూ ఆమె చుట్టూ చేరారట. అండాలు ఊరుకోలేక, అది దానమిచ్చిన చీర కాదు, అరుణమ్మ మొహమాటానికి పోగొట్టుకున్నది, వాళ్ళక్క మగ్గం నిలబెట్టుకోవడానికి పంపిన చీరలవి అని చెప్పేసింది. పెద్దామె ముఖం చిన్నబోయిందట. పేరంటంలో తీసుకున్నదానికి పైసలిస్తే రెండిళ్ళకూ అరిష్టం, వెనక్కి ఇచ్చినా అరిష్టం. అందుకని కర్ర పట్టుకుని తానే ఇల్లిల్లూ తిరిగారు. "నాకైతే పుణ్యానికొచ్చింది, మీరు కొనుక్కోండ్రి. బొట్టు గిట్టు ఏం లేదు, శనివారం పోండ్రి" అన్నారట.

నిన్న పొద్దున్నుంచి మా వెనక గుమ్మం తెరిచే ఉంది. మధ్యాహ్నానికి పదకొండు చీరలూ అయిపోయాయి అక్కా. తడుముకోకుండా ధర చెప్పాను. ఇంకా పంతొమ్మిది మంది పేర్లు రాయించుకున్నారు, దసరాకు కావాలట. ఈసారి వాళ్ళ మగవాళ్ళ సంతకాలు కావు, వాళ్ళ పేర్లే. డబ్బు రేపు మనియార్డరు చేస్తున్నాను. లింగయ్యకు చూపించు. చవితికి ఇంకా అయిదు రోజులుంది. మగ్గం నీదే, ఇల్లు నీదే.

నూలు నానబెట్టు. దసరాకు మాత్రం నువ్వు వస్తున్నావు. ముందు గుమ్మం నుంచే వస్తావు, ఎవరేమన్నా సరే.

నీ చెల్లె,
అరుణ

*

నారాయణపేట,
27 ఆగస్టు 1963.

చెల్లె అరుణకు,

అక్క దీవెనలు. నీ ఉత్తరం ఇరవై రెండున వచ్చింది. చవితికి ఒక రోజు ముందే. గడువు లోపలే అమ్మావు. ఎవరు అడిగినా నేను ఈ మాటే చెబుతాను, మా చెల్లె గడువు లోపల మూట ఖాళీ చేసిందని.

మగ్గం ఇరవైన పోయింది. కోస్గి ఆయన బండి తెచ్చుకుని పొద్దున్నే వచ్చాడు. నీ ఉత్తరం చదివి లింగయ్యకు ఇచ్చాను. అతను రెండుసార్లు చదివి, చొక్కా వేసుకుని అప్పటికప్పుడు కోస్గి వెళ్ళాడు. పొద్దుగూకి తిరిగి వచ్చాడు. "బిగించుకున్నడు వదినె. పడుగు కూడ ఎక్కించిండు. ఎక్కువిస్తనన్న, ఇయ్యనంటుండు" అని అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. మీ బావ పోయినప్పుడు కూడా అతను అంత ఏడవలేదు. అతని మీద కోపం తెచ్చుకోకు. రానీ అన్నది నేను.

కొత్తది చేయించుకోవడానికి నీ మనియార్డరు ఉందనుకుంటావేమో. వడ్రంగి సంక్రాంతి దాకా వల్లకాదన్నాడు. ఇల్లు కూడా వేరేవాళ్ళకు మాట్లాడేశారు, పున్నం వెళ్ళగానే ఖాళీ చేయాలి. షోలాపూరు రైలుకు నా పేరున కూడా టికెట్టు తీశారు.

ఆ పంతొమ్మిది మందికి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. ఇంత వయసులో మొదటిసారి, నేను నేసిన చీర కావాలని పేర్లు రాయించుకున్నారు. ఆ పేర్లు నాకు ఒక కాగితం మీద రాసి పంపు. ఏమీ చేయను, ఊరికే చదువుకుంటాను.

మగ్గం పోయిన రోజే, పిల్లలు పడతారని, మగ్గం గుంట పూడ్చి పైన పేడతో అలికారు. వారం రోజులుగా పొద్దున లేవగానే, ముఖమైనా కడగకుండా అలవాటు చొప్పున పోయి అక్కడే కూర్చుంటున్నాను. కూర్చున్నాక తెలుస్తుంది, కాళ్ళు పెట్టడానికి చోటు లేదని.

నీ అక్క,
గోవిందమ్మ